అమ్మ ఆడిన అంకెలు

సెప్టెంబర్ 8, సోమవారం

చెల్లెలు ట్వైలా వచ్చింది. మా ఎల్కో ఊళ్లో ఇన్ని కీనో కౌంటర్లుండగా సరిగ్గా నా కౌంటరుకే వచ్చింది. మూడేళ్ల ఏడు నెలల తర్వాత దాని ముఖం చూశాను. లావైంది. కుడికాలు ఈడుస్తోంది. అయ్యో పాపం అనిపించలేదు. నాకు నేను రాసుకునే దాంట్లో అబద్ధమెందుకు?

రెనోలో అది పనిచేసే పళ్ల డాక్టరు ఆఫీసు ఎత్తేశాడట. అందుకని మళ్లీ ఈ ఊళ్లో దిగింది. రైలుకట్ట పక్కన లాండ్రీలో చేరిందట. ఇదంతా ఓర్విల్ చెప్పాడు. పేరుకి మా కీనో మేనేజరు గానీ, ఊళ్లో ఎవరింట్లో పొయ్యి వెలిగిందో కూడా ఆయనకే ముందు తెలుస్తుంది.

అది అడిగింది బిగ్ ఫైవ్ టికెట్. రోజంతా పది నిమిషాలకో ఆట చొప్పున ఈ అంకెల లాటరీ నడిపి చచ్చేది చాలదన్నట్టు, రెండేళ్ల నుంచి ఇదొకటి మా నెత్తిన పెట్టారు. రాష్ట్రంలోని కేసినోలన్నిటికీ కలిపి రోజుకొక్కటే ఆట. సాయంత్రం ఆరింటికి రెనోలో బంతులు లేస్తాయి. ఎనభై అంకెల్లో ఐదు. ఐదూ తగిలిన వాడికి యాభై లక్షల డాలర్ల నుంచి మొదలు. తగలనన్నాళ్లూ పెరుగుతూనే ఉంటుంది. ఇవాళ బోర్డు మీద యాభై ఎనిమిది లక్షలు.

అది నల్ల క్రేయాన్‌తో కాగితం మీద గుర్తులు పెట్టి తోసింది. టికెట్ రాసేవాళ్లు అంకెలు పైకి చదివి వినిపించాలి, రూలు. ఈ సిల్వర్ మ్యూల్ కేసినోలో ఇరవై రెండేళ్లుగా చదువుతున్నాను, ఎప్పుడూ గొంతు తడబడలేదు.

"నాలుగు, పదిహేడు, ముప్పై ఒకటి, యాభై రెండు, డెబ్భై ఎనిమిది."

"అమ్మవి," అంది.

"రెండు డాలర్లు," అన్నాను.

తీసుకుంది, పోయింది. అమ్మవని నాకు చెబుతుందా ఇది? నాలుగు నాన్న పనిచేసిన గని నంబరు. పదిహేడు నేను పుట్టిన తేదీ. ముప్పై ఒకటి అది పుట్టిన తేదీ. మిగతా రెండూ ఎందుకో అమ్మ ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్లు ఇక్కడి కాఫీ షాపులో కూర్చుని అమ్మ ఇవే ఆడింది. ఆ అంకెల మీద దానికేం హక్కుంది? అమ్మ పోతున్న రోజు నాకు కబురు చెయ్యని మనిషి.


సెప్టెంబర్ 9, మంగళవారం

మళ్లీ వచ్చింది. ఐదూ పదికి. అవే అంకెలు.


సెప్టెంబర్ 10, బుధవారం

ఐదూ పది. నాకు ఉదయం డ్యూటీ వెయ్యమని ఓర్విల్‌ని అడిగాను. "ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ అడగలేదే, పొద్దున్నే లేవడమంటే నీకు ప్రాణం మీదికొస్తుందిగా," అని నవ్వాడు. కుదరదన్నాడు.

రెండు డాలర్లూ పావలా నాణేలుగా ఇచ్చింది ఇవాళ. లాండ్రీ నాణేలు. కావాలనే. ఎనిమిదీ ఒక్కొక్కటే లెక్కపెట్టి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. వెనక క్యూలో ఉన్నవాళ్లు గొణిగారు.

"కళ్లద్దాలు మార్పించుకో," అంది.

"కాలు చూపించుకో," అన్నాను.


సెప్టెంబర్ 11, గురువారం

నిద్ర పట్టలేదు. ఒకవేళ తగిలితే?

తగలదు. కోటి మందిలో ఒకరికి తగలదు. కానీ ఎవరికో ఒకరికి తగిలి తీరుతుంది, ఇరవై రెండేళ్లుగా ఆ ముఖాలు నేనే చూస్తున్నాను. తెలివైన వాళ్లకీ మంచివాళ్లకీ ఎప్పుడూ తగల్లేదు. దీనికి తగిలితే అమ్మ అంకెలతో, నేను రాసిచ్చిన టికెట్‌తో, నా కళ్లముందే మహారాణి అయిపోతుంది. తలుచుకుంటేనే ఒళ్లు మండిపోతోంది.

తెల్లారి కాఫీ పెట్టుకుంటుంటే తట్టింది. ఇద్దరికి తగిలితే చెరిసగం.


సెప్టెంబర్ 12, శుక్రవారం

మా కేసినోలో మేం ఆడకూడదు. ఎదురుగా ఉన్న జాక్‌రాబిట్‌లో ఆడొచ్చు. ఐదున్నరకి నాకు కాఫీ విరామం, పావుగంట. అది ఐదూ పదికి ఆడి వెళ్లిపోతుంది. అమ్మకం ఐదూ యాభైకి ఆగుతుంది. చక్కగా సరిపోయింది.

వీధి దాటి పక్క గుమ్మం నుంచి వెళ్లాను. ముందు గుమ్మం తొక్కడానికి మనసొప్పలేదు. పంతొమ్మిది వందల డెబ్భై ఒకటిలో అమ్మకి అక్కడ ఎనిమిది అంకెల టికెట్ తగిలింది. బాత్రూముకి వెళ్లొచ్చేసరికి తర్వాతి ఆట మొదలైపోయింది. తర్వాతి ఆటలోపు చూపించని టికెట్ చెల్లదన్నారు. రూలు రూలే, నేనైనా అదే అనేదాన్ని. కానీ అమ్మ వాళ్ల తివాచీ మీద ఉమ్మేసి వచ్చి, మా ఇద్దరినీ వంటగదిలో నిలబెట్టి ఒట్టు వేయించుకుంది. బతికుండగా ఆ గడప తొక్కబోమని. నేను ముప్పై రెండేళ్లు తొక్కలేదు.

కౌంటర్లో ఇనాసియో ఉన్నాడు. బాస్క్ జాతి ముసలాయన, ఒకప్పుడు గొర్రెలు కాసేవాడు. నన్ను చూసి కళ్లజోడు పైకి తోశాడు.

"ఏం అమ్మాయ్, దారి తప్పావా?"

"టికెట్ రాయి, ఊసులొద్దు."

"నాలుగు, పదిహేడు, ముప్పై ఒకటి, యాభై రెండు, డెబ్భై ఎనిమిది. ఎవరివో పుట్టినరోజులేనా?"

"నీకెందుకు?"

ఇప్పుడు దానికి తగిలితే సగం నాది. గెలవాలని కాదు. అది మొత్తం గెలవకూడదని.


సెప్టెంబర్ 13, శనివారం

ఒక్కటే తగిలింది. యాభై రెండు. దానికీ ఒక్కటే.


సెప్టెంబర్ 19, శుక్రవారం

అది రాలేదు. కాలు నొప్పేమో. నేనూ వీధి దాటలేదు. అది ఆడని రోజు నేను ఆడటం దేనికి? రెండు డాలర్లు మిగిలాయి, తియ్యటి చెర్రీ పై ముక్క తిన్నాను.


సెప్టెంబర్ 20, శనివారం

వచ్చింది. ఆడాను.


అక్టోబర్ 6, సోమవారం

అరవై నాలుగు లక్షలు. ఊళ్లో గని వాళ్లు, పశువుల వాళ్లు, ఎప్పుడూ కేసినో ముఖం చూడని టీచర్లు కూడా క్యూ కడుతున్నారు. అంత క్యూలోనూ అది నా కిటికీ దగ్గరే నిలబడుతుంది. పక్క కిటికీ ఖాళీగా ఉన్నా వెళ్లదు.

"పక్కకి వెళ్లొచ్చుగా?" అన్నాను.

"నువ్వు చదువుతుంటే వినాలనుంది."

"ఏం, వేరేవాళ్లు చదివితే మారిపోతాయా?"

"పదిహేడు దగ్గర నువ్వు గొంతు తగ్గిస్తావు. అది వినడానికొస్తా."

దెప్పుతోంది. దీనికి ఎంత పొగరు. రేపటి నుంచి పదిహేడే గట్టిగా చదువుతాను.


అక్టోబర్ 7, మంగళవారం

గట్టిగా చదివాను. హాలంతా తిరిగి చూసింది. అది నవ్వింది. అచ్చం అమ్మ నవ్వు. దానికి ఆ నవ్వు ఎలా వచ్చిందో, నాకెందుకు రాలేదో.


అక్టోబర్ 15, బుధవారం

ఇనాసియో ఇప్పుడు అడక్కుండానే రాసేస్తున్నాడు. గుమ్మంలో నన్ను చూడగానే అంకెలు అందుకుంటాడు. "నెల దాటింది అమ్మాయ్, ఇంత పట్టుగా ఆడేవాళ్లని నేను చూళ్లేదు. ఎవరి మీద ప్రేమో గానీ." నాకు నవ్వొచ్చింది.


అక్టోబర్ 24, శుక్రవారం

నిన్నటి ఆటలో మూడు తగిలాయి. నాలుగు, ముప్పై ఒకటి, డెబ్భై ఎనిమిది. దాని అంకె వచ్చింది, నాది రాలేదు. ఆ మాట అది నోటితో అనలేదు. నా వైపు చూసింది చాలు.


నవంబర్ 4, మంగళవారం

పొద్దుటి నుంచీ మంచు. అది తడిసిన కోటుతో వచ్చింది. రెండు డాలర్లూ పెట్టి, టికెట్ తీసుకుని కూడా కదల్లేదు.

"అమ్మ చివర్లో నిన్నే అడిగింది," అంది.

క్యూలో ఏడెనిమిది మంది ఉన్నారు. అందరి ముందూ.

"తర్వాతి వాళ్లు రండి."

"నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నా. నాడీన్ వచ్చిందా, నాడీన్ వచ్చిందా అని..."

"నాకు కబురు చేసుంటే వచ్చేదాన్ని. నువ్వు చెయ్యలేదు."

"మూడుసార్లు చేశాను. ఇదే నంబరుకి. మూడుసార్లూ ఓర్విల్ ఎత్తాడు. అడుగు ఆయన్ని, ఇక్కడే ఉన్నాడుగా."

ఓర్విల్ తల దించుకుని ఏదో సర్దుతున్నాడు. సర్దడానికి ఆయన ముందు ఏమీ లేదు.

"అబద్ధాలకోరు," అన్నాను. "చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు."

వెళ్లిపోయింది. నేను వీధి దాటి ఆడొచ్చాను. ఇనాసియో అడక్కుండానే మంచినీళ్లిచ్చాడు.

మూడుసార్లు కాదు. ఒకసారి చేసినట్టుంది.


నవంబర్ 5, బుధవారం

రాత్రి. వరసగా రాస్తాను, ఒకటీ వదలకుండా.

నిన్నటి దానికి నాకు ఇంకా కోపం దిగలేదు. అందరి ముందూ నన్ను దోషిని చేసింది. ఐదూ ఐదుకే బిగ్ ఫైవ్ మెషీన్ మీద తుడిచే గుడ్డ కప్పేశాను. ఓర్విల్ వంటగది వైపు వెళ్లాడు, పక్క కిటికీ వాడు సెలవు. అది ఐదూ పదికి వచ్చింది.

"రెనో లైను తెగింది. బిగ్ ఫైవ్ ఇవాళ లేదు," అన్నాను.

"మళ్లీ ఎప్పుడొస్తుంది?"

"నాకేం తెలుసు. మంచు కదా."

కాసేపు నిలబడింది. "సరే అక్కా," అంది. అక్కా అంది. ఆ మాట అప్పుడు నా చెవికి ఎక్కనే లేదు. అది గుమ్మం దాటాక గుడ్డ తీసేశాను. వెంటనే వచ్చిన గని మనిషికి మూడు టికెట్లు రాసిచ్చాను.

ఎంత హాయిగా అనిపించిందో. ఇన్నాళ్లూ ఈ పని ఎందుకు చెయ్యలేదా అనుకున్నాను. మా ఇంటి ఒట్టు ఉంది, జాక్‌రాబిట్‌కి అది చచ్చినా వెళ్లదు. మిగతా కేసినోలు ఊరికి ఆ చివర, ఆ కాలుతో మంచులో ఐదూ యాభైలోపు నడవలేదు. దానికి టికెట్ లేదు. కాబట్టి నాకూ అక్కర్లేదు. ఐదున్నరకి కాఫీ షాపులో కూర్చుని రెండు ముక్కలు చెర్రీ పై తిన్నాను. ఒకటి చాలక రెండు.

ఆరింటికి బోర్డు వెలిగింది. యాభై రెండు. నాలుగు. డెబ్భై ఎనిమిది.

నవ్వుతూనే ఉన్నాను. మూడు వచ్చాయి, దాని దగ్గర టికెట్ లేదు, అని లోపల గంతులేస్తున్నాను. ముప్పై ఒకటి వెలిగింది. ఇంకా నవ్వుతూనే ఉన్నాను. పదిహేడు వెలిగింది.

నేను పుట్టిన తేదీ అందరికన్నా చివర వచ్చింది. హాల్లో ఎవరికీ ఏమీ పట్టలేదు. కుర్చీల్లో వాళ్లు కాగితాలు నలిపి పడేసి కొత్తవి అందుకున్నారు. అరవై తొమ్మిది లక్షలు. నా దగ్గర చెర్రీ పై తిన్న బిల్లు ఉంది.

ఎలాగైతేనేం, దానికీ లేదుగా అనుకున్నాను. ఆ ఒక్క మాటే పట్టుకుని కూర్చున్నాను, ఇరవై నిమిషాలు. ఆ తర్వాత ఓర్విల్ ఫోన్ పెట్టేసి వచ్చాడు, ముఖం ఎర్రగా చేసుకుని.

"నాడీన్, తగిలింది మన ఊళ్లోనే. ఎదురుగా జాక్‌రాబిట్‌లో. మొత్తానికి ఒక్కటే టికెట్. లాండ్రీలో పనిచేసే ఆవిడట."


నవంబర్ 6, గురువారం

సెలవు పెడదామనుకున్నాను. పెడితే ఏడుస్తూ కూర్చున్నానని అనుకుంటుంది. వెళ్లాను.

ఐదూ పదికి వచ్చింది. అదే కోటు. చేతిలో కాగితం లేదు, నాణేల్లేవు. కళ్లు వాచి ఉన్నాయి.

"అక్కా."

"ఏం కావాలి?"

"నిన్న నువ్వు లైను తెగిందన్నాక బయట నిలబడ్డాను. ఎదురుగా వాళ్ల బోర్డు వెలుగుతోంది. అమ్మ ఒట్టు గుర్తొచ్చింది. గుమ్మం ముందు పావుగంట నిలబడి, అమ్మా క్షమించు అనుకుని లోపలికెళ్లా. అంకెలు చెప్పగానే ఆ ముసలాయన పెన్ను కింద పెట్టేశాడు. ఇవి నాడీన్ అంకెలమ్మా, సెప్టెంబర్ నుంచి రోజూ ఐదున్నరకి వస్తుంది, ఇవాళ ఇంకా రాలేదే అన్నాడు."

నేను కప్పులో క్రేయాన్లు సర్దాను.

"నువ్వు అమ్మని మర్చిపోయావనుకున్నానే ఇన్నాళ్లూ. అమ్మ కోసం ఆ గడప కూడా తొక్కావు. నాకు చెప్పకుండా, నీ పాటికి నువ్వు. రాత్రంతా ఏడ్చాను. రెండు టికెట్లు తగిలుంటాయి, ఇద్దరం కలిసి వెళ్లి తెచ్చుకోవచ్చనుకున్నా. రెనో వాళ్లు ఒక్కటే అన్నారు. నిన్న నువ్వెళ్లలేదట. ఒంట్లో బాలేదా?"

"తలనొప్పి."

"అయితే ఏం, సగం నీదే. లాయరుకి చెప్పేశాను, రేపు కాగితాలు రాస్తాడు. నువ్వొచ్చి సంతకం పెడితే చాలు. అమ్మ అంకెలు, ఇద్దరివీ అందులో ఉన్నాయి. నాకొక్కదానికే ఎలా వస్తాయి చెప్పు?"

తలనొప్పి అన్నదాన్ని అక్కడితో ఆగిపోవాల్సింది. సరే అని తల ఊపితే చాలు. ముప్పై నాలుగున్నర లక్షలు, ఒక్కసారి తల ఊపినందుకు. కానీ అది అలా తడి కళ్లతో, దయగా, నన్ను మంచిదాన్ని చేసి నిలబడితే నాకు ఊపిరాడలేదు. అది ఇవ్వడం, నేను పుచ్చుకోవడం. దాని దగ్గర.

"నువ్వు నాకిచ్చేదేంటే," అన్నాను. "అమ్మ కోసం ఆడానని ఎవరు చెప్పారు నీకు? నీకు మొత్తం రాకూడదని ఆడాను. నువ్వు ఆడిన రోజే ఆడాను. నువ్వు రాని రోజు ఆడలేదు. కావాలంటే ఆ ముసలాణ్ణి అడుగు."

అది నా వైపే చూస్తోంది. లెక్క కట్టుకుంటోంది. ట్వైలా ఎప్పుడూ లెక్కల్లో నిదానం, కానీ తప్పు చెయ్యదు.

"నిన్న నేను ఆడలేదనుకున్నావు."

"అనుకున్నాను."

"లైను తెగలేదా?"

"లేదు."

బల్ల అంచు పట్టుకుని కాలు సర్దుకుంది. నేను తిట్టించుకోవడానికి సిద్ధంగా ఉన్నాను, తిరిగి అనడానికి మాటలు కూడా సిద్ధంగా ఉన్నాయి.

"అమ్మ పోయిన రోజూ ఇంతేనా?" అంది. "నా ఫోన్ అని తెలిసే రాలేదా?"

"ఆట తెరిచి ఉంది. ఆట తెరిచాక మూసేదాకా రాసేవాళ్లు కదలకూడదు. రూలు."

"ఆట పది నిమిషాలక్కా," అంది.

అంతే. తిరిగి వెళ్లిపోయింది. గొంతు కూడా పెంచలేదు.


నవంబర్ 7, శుక్రవారం

సంతకానికి ఎవరూ పిలవలేదు. నేనూ ఎదురు చూడలేదు.


నవంబర్ 9, ఆదివారం

అమ్మ పోయిన రోజు మూడు చీటీలు. ఓర్విల్ రాసి, ఒక్కొక్కటీ నా క్రేయాన్ల కప్పు కింద పెట్టాడు. మొదటిదాంట్లో ట్వైలా ఫోన్ అని ఉంది. రెండోదాంట్లో ట్వైలా, ఆసుపత్రి నుంచి అని. మూడోదాంట్లో త్వరగా అని. మూడూ చదివాను. ఆ వారం దానికీ నాకూ అమ్మ ఉండే ట్రైలర్ ఇంటి అమ్మకం గొడవలో మాటల్లేవు. కాసేపు అదే కాచుకుని ఉండనీ అనుకున్నాను. దాన్నే కాచుకునేలా చేస్తున్నాననుకున్నాను. అక్కడ కాచుకున్నది అమ్మ.

మొదటి చీటీకీ చివరి చీటీకీ మధ్య గంట. ఆరు ఆటలు తెరిచి, ఆరు ఆటలు మూశాను.


నవంబర్ 14, శుక్రవారం

నాలుగున్నరకి ఓర్విల్ కప్పు కింద చీటీ పెట్టాడు. మాట్లాడకుండా పెట్టి వెళ్లాడు. "ట్వైలా. ఐదింటి బస్సుకి రెనో వెళ్లిపోతోంది. స్టాండులో ఉందట."

అంత డబ్బు వచ్చే మనిషి ఇంకా బస్సులోనే తిరుగుతోంది. స్టాండు ఇక్కడికి నాలుగు నిమిషాల నడక. ఆట తెరిచి ఉంది. మూశాను. ఇంకొకటి తెరిచాను.

రెండో చీటీ వస్తే లేద్దామనుకున్నాను. కప్పు కిందే చూస్తూ కూర్చున్నాను. ఇద్దరు కస్టమర్లకి అంకెలు తప్పు చదివాను, ఇరవై రెండేళ్లలో మొదటిసారి. ఐదూ ఐదయింది. ఈసారి అది ఒక్కసారే చేసింది.


నవంబర్ 17, సోమవారం

బోర్డు మళ్లీ యాభై లక్షల నుంచి ఎక్కుతోంది. క్యూ లేదు. ఐదూ పదికి గుమ్మం వైపు చూశాను. అలవాటు.

ఐదున్నరకి వీధి దాటాను. ముందు గుమ్మం నుంచే వెళ్లాను. ఇనాసియో నన్ను చూసి అంకెలు అందుకోలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. రాసి, వినిపించాడు. నాలుగు, పదిహేడు, ముప్పై ఒకటి, యాభై రెండు, డెబ్భై ఎనిమిది.

"ఇంకా ఇవేనా అమ్మాయ్?"

"ఇవే."

టికెట్ పర్సులో పెట్టుకున్నాను. ఈసారి తగిలితే చెరిసగం చెయ్యడానికి ఎవరూ లేరు. మొత్తం నాదే.